వాదన గర్భవిచ్ఛిత్తి మీద, నింద మనిషి మీద

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అబార్షన్ గురించో, స్త్రీవాదం గురించో నలుగురిలో నోరు విప్పితే వచ్చిపడే మాటల గురించి అడిగారు. వైద్యం తెలిసినవాళ్ళం, చట్టం తెలిసినవాళ్ళం కలిసి జవాబులు రాశాం. ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటులో మార్చి 8న మహిళా దినోత్సవం చేశారు. పెళ్ళికాని అమ్మాయికి కూడా చట్టప్రకారం అబార్షన్ చేయించుకునే వీలుందని రెండు నిమిషాలు మాట్లాడాను. ఆ రాత్రి అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన ‘మేడమ్‌గారికి ఇంత అనుభవం ఎక్కడిదో’ అని పెట్టారు. కింద వరసగా నవ్వు బొమ్మలు. ఇంకొకాయన ‘ఈ ఫెమినిస్టుల వల్లే కాపురాలు కూలుతున్నాయి’ అన్నారు. మూడో ఆయన నాకే విడిగా ‘మళ్ళీ నోరెత్తితే నీ నడవడి ఎలాంటిదో మీ ఆయన ఆఫీసులో చెప్తా’ అని రాశారు. మావారు వదిలెయ్యమంటున్నారు. వదిలెయ్యనా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: మూడు మాటలనూ ఒకే గాటన కట్టకండి. కాపురాలు కూలుతున్నాయన్నది అభిప్రాయం. తప్పుడు అభిప్రాయమే అనుకున్నా, దాని మీద కేసు ఉండదు. జవాబు చెప్పవచ్చు, మానవచ్చు.

మొదటి మాట వేరు. అది విషయాన్ని వదిలి మీ శీలం మీదికి వచ్చింది. స్త్రీ గౌరవాన్ని కించపరిచే ఉద్దేశంతో అన్న మాటకు భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, జరిమానా ఉన్నాయి. అయితే కోర్టు ఉద్దేశం చూస్తుంది. ఒక్క ఎత్తిపొడుపుతో ఆ కేసు నిలుస్తుందని మేం భరోసా ఇవ్వం. ‘ఈమె చేయించుకుంది’ అని లేనిది ఉన్నట్టు నలుగురికీ చెబితే అది పరువునష్టం. 356వ సెక్షన్, రెండేళ్ళ వరకు జైలు. దానికి పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టరు. మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేయాలి.

మూడోదాన్ని మాత్రం వదలకండి. మీరు మాట్లాడకుండా ఆపడానికి, మీ శీలానికి మచ్చ అంటగడతానని బెదిరించారు. ఇది 351వ సెక్షన్ కిందికి వచ్చే నేరపూరిత బెదిరింపు. స్త్రీ శీలం మీద నింద వేస్తానని బెదిరిస్తే ఆ సెక్షన్‌లోని మూడో ఉపవిభాగం ఏడేళ్ళ దాకా జైలు చెబుతోంది. చాలామంది దీన్ని ఉత్త నోటిదురుసు అనుకుంటారు, చట్టం అలా అనుకోలేదు.

ఈ రాత్రే చేయాల్సిన పనులు చెబుతాం. మెసేజ్ తేదీ, టైము కనపడేలా స్క్రీన్‌షాట్ తీయండి. మీ ఫోనులో ఆయన పేరుతో సేవ్ అయి ఉంటుంది కాబట్టి, పేరు మీద నొక్కి నంబరు కనిపించే పేజీకి ఇంకో స్క్రీన్‌షాట్ తీయండి. ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ నొక్కి మొత్తం చాట్‌ను మీ మెయిల్‌కే పంపుకోండి. ఆలస్యం చేస్తే ఆయన ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ కొట్టవచ్చు, అప్పుడు మీ ఫోనులోనూ పోతుంది. చాట్ తుడిచెయ్యకండి, ఫోను మార్చకండి, ఫార్మాట్ చేయించకండి. డిజిటల్ ఆధారం కోర్టుకు వెళ్ళేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అసలు ఫోను చేతిలో ఉంటే ఆ పని సులువు.

ఫిర్యాదును ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. మా పరిధి కాదంటే, పరిధితో నిమిత్తం లేకుండా కట్టే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళల ఫిర్యాదులకు వేరే విభాగం ఉంది. 1930 ప్రధానంగా డబ్బు మోసాల నంబరు, మీకు కావలసింది మహిళల హెల్ప్‌లైన్ 181.

గ్రూపు సంగతికి వస్తే, అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా తీసెయ్యగలరు. అసోసియేషన్ కార్యదర్శికి అయిదు వాక్యాల ఉత్తరం రాసి, ఆ మెసేజ్‌ను ఉన్నదున్నట్టు దించి, తీసెయ్యమని, విషయాన్ని మినిట్స్‌లో రాయమని అడగండి. ‘అడ్మిన్ మీద కూడా కేసు పెడతా’ అనకండి. ఉత్త అడ్మిన్ అయినందుకే సభ్యుడి మాటకు బాధ్యుడు కాడని బాంబే, కేరళ హైకోర్టులు చెప్పాయి.

గ్రూపులో ఒక్కసారి మాత్రం ఇలా రాయండి: ‘నేను మాట్లాడింది చట్టం గురించి. పెళ్ళికాని స్త్రీలకూ అది వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. దాని మీద అభ్యంతరం ఉంటే చెప్పండి. నా గురించి రాసింది తీసెయ్యండి.’ ఆ తర్వాత ఎంత కవ్వించినా రాయకండి. ఇలాంటివి ఎక్కువగా చెడేది రెండు చోట్ల. కోపంలో మీరూ ఒక బూతు రాస్తే ఎదుటివాళ్ళు ఎదురు ఫిర్యాదు ఇస్తారు. లేదా మీవారు నలుగురిని వెంటేసుకుని వాళ్ళ ఫ్లాటుకు వెళ్తారు, కేసు తిరగబడుతుంది.

ప్రశ్న: మా కాలేజీలో పోయినేడు ‘అబార్షన్: హత్యా? హక్కా?’ అని డిబేట్ పెట్టాం. ‘నువ్వు చేయించుకున్నావా?’ అని ఒక అబ్బాయి అవతలి జట్టు అమ్మాయిని అడిగాడు. హాలంతా ఈలలు. మోడరేటర్ ‘ఇద్దరూ తగ్గండి’ అన్నారు. ఆ అమ్మాయి మైకు పెట్టేసి వెళ్ళిపోయింది. ఈ ఏడు మళ్ళీ పెట్టమంటున్నారు, భయంగా ఉంది.
– ఒక అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పెట్టండి. కాకపోతే ఫ్లెక్సీ మీది ఆ టైటిల్‌తోనే గొడవ మొదలైందని గుర్తించండి. ‘హత్యా?’ అని అడిగిన క్షణాన ఒక జట్టు హంతకుల పక్షం అయింది. ఇంకో జట్టు ఆడవాళ్ళ శత్రువుల పక్షం అయింది. ఇక మిగిలింది తిట్టుకోవడమే.

పైగా మన చట్టంలో అది హత్యా కాదు, అడిగిందే తడవుగా దక్కే హక్కూ కాదు. గర్భం తీయడం న్యాయ సంహిత 88వ సెక్షన్ కింద విడి నేరం, మూడేళ్ళ వరకు జైలు. పిండం కదలిక తెలిసే దశ దాటితే ఏడేళ్ళ వరకు. దానికి మినహాయింపుగా వచ్చిందే 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం. 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 2021లో సవరించారు. దాని ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి, అదీ కొందరికే: అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయినవాళ్ళు, విడాకులైనవాళ్ళు, వైకల్యం ఉన్నవాళ్ళు, ఇలా నిబంధనల్లో జాబితా ఉంది. 24 దాటాక, పిండంలో తీవ్రమైన లోపాలుంటే మెడికల్ బోర్డు చూస్తుంది. తల్లి ప్రాణం కాపాడటానికి తక్షణం అవసరమైతే వారాల పరిమితి లేదు. ఎక్కడా ‘స్త్రీ అడిగితే చాలు’ అని రాయలేదు. డాక్టరు అభిప్రాయం మీద నిలబడ్డ చట్టం ఇది. 2023 అక్టోబరులో 26 వారాలు దాటిన ఒక వివాహితకు సుప్రీంకోర్టు అనుమతి ఇవ్వలేదు. అదే సుప్రీంకోర్టు 2009లో, బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయం రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని చెప్పింది. రెండూ నిజాలే. పిల్లలు వాదించుకోవడానికి కావలసినంత మేత ఇందులోనే ఉంది.

అందుకని అంశం ఇలా రాయండి: ‘20 వారాల లోపు గర్భవిచ్ఛిత్తికి స్త్రీ కోరడమే సరిపోవాలా, డాక్టరు అభిప్రాయం కూడా ఉండాలా?’ ఇక్కడ ఎవరూ హంతకులు కారు, రెండు వైపులా సరుకుంది.

పైన చెప్పిన వివరాలను ఒక్క పేజీలో వేసి పోటీకి వారం ముందు రెండు జట్లకూ ఒకే కాగితం ఇవ్వండి. అందులో రెండు హెచ్చరికలు కూడా చేర్చండి. మొదటిది, వారాలు లెక్కించేది ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. ‘ఆరు వారాల గర్భం’ అంటే నెలనెలా సరిగ్గా వచ్చే మనిషికి నెలసరి తప్పి రెండు వారాలే అయినట్టు. ఇది తెలియక రెండు జట్లూ గాలిలో కత్తులు తిప్పుతాయి. రెండోది, అమెరికా గొడవను ఇక్కడికి మోసుకురావద్దని. అక్కడ అబార్షన్‌ను హక్కుగా గుర్తించిన 1973 నాటి ‘రో’ తీర్పును 2022 జూన్‌లో కొట్టేశారు, ఇక్కడ 1971 నుంచి చట్టం ఉంది. ఆ దేశపు నినాదాలు మన చట్టానికి అతకవు.

జట్టుకు ముగ్గురు, మనిషికి అయిదు నిమిషాలు, ఎదురు ప్రశ్నలకు 20 నిమిషాలు. ప్రేక్షకుల చేతికి మైకు ఇవ్వకండి. చీటీలు పంచండి, ఇద్దరు టీచర్లు చదివి ఏరాక మోడరేటరే అడగాలి. ఈలలు వేసేవాడికి కాగితం మీద రాయాలంటే సగం ఉత్సాహం చచ్చిపోతుంది.

నియమం ఒక్కటే పెట్టండి, ముందే చదివి వినిపించండి: ఎదుటి వక్త గురించి గానీ, వాళ్ళింట్లో వాళ్ళ గురించి గానీ ప్రశ్న ఉండకూడదు. ‘నువ్వు చేయించుకున్నావా’, ‘మీ చెల్లెలికైతే ఒప్పుకుంటావా’, ‘మీ అమ్మ అలాగే అనుకుంటే నువ్వు పుట్టేవాడివా’ మూడూ ఈ నియమం కిందికే వస్తాయి. మూడోదానికి ఎప్పుడూ చప్పట్లు పడతాయి, అందుకే ముందుగా పేరుపెట్టి చెప్పడం మంచిది. మొదటిసారి అయిదు మార్కులు కోత, రెండోసారి ఆ వక్తకు మైకు కట్.

ఇక మోడరేటర్. పోయినేడు అసలు గాయం చేసిన మాట ‘ఇద్దరూ తగ్గండి’. అన్నవాణ్ణీ పడ్డదాన్నీ ఒకే తక్కెడలో వేసింది. ఆ అమ్మాయి చేసిన తప్పేమిటి తగ్గడానికి? మోడరేటర్ అనాల్సింది ఇది: ‘ఆ ప్రశ్న చెల్లదు, దానికి జవాబు చెప్పనక్కరలేదు. మీ వాదన ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కొనసాగించండి, ఆ ముప్ఫై సెకన్లు మీకు కలుపుతున్నాం.’ అయిదు సెకన్లలో అనాలి. హాలు నవ్వడం అయ్యాక అంటే ఫలితం ఉండదు. ఆ నవ్వులో తానూ నవ్వితే ఇంకేం చెప్పినా పనికిరాదు.

ఇంకొకటి. రెండొందల మంది ఉన్న హాలులో అబార్షన్ అయినవాళ్ళో, చేయించుకున్నవాళ్ళో, చేయించుకున్నవారి కూతుళ్ళో తప్పకుండా ఉంటారు. వాళ్ళు చెయ్యెత్తి చెప్పరు. మోడరేటర్ మొదట్లోనే ఆ ఒక్క మాట చెబితే హాలు స్వరం మారుతుంది.

ప్రశ్న: నేను అబార్షన్‌కు వ్యతిరేకిని. కడుపులో పడ్డదీ ప్రాణమేనని మా విశ్వాసం. మా యువజన కూటమిలో దీని మీద మాట్లాడమన్నారు. ఎక్కడ మాట్లాడినా నన్ను పురుషాహంకారి అంటున్నారు. నోరు మూసుకోవాలా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అక్కర్లేదు. మీ విశ్వాసం చెప్పుకునే స్వేచ్ఛ మీకుంది. ‘మగాడివి, నీకేం తెలుసు’ అని నోరు మూయించడం కూడా నిందే, వాదన కాదు. పెళ్ళికాని స్త్రీలకు అనుకూలంగా 2022 తీర్పు ఇచ్చిన ముగ్గురు జడ్జీలూ మగవాళ్ళే. మగవాడు మాట్లాడకూడదంటే ఆ తీర్పే ఉండేది కాదు. ఈసారి ఎవరైనా ఆ మాట అంటే, నా మాటల్లో ఏ వాక్యం మిమ్మల్ని అవమానించిందో చెప్పమని నెమ్మదిగా అడగండి. చూపించగలిగితే ఆ వాక్యం మార్చుకోండి.

మార్చుకోవాల్సినవి కొన్ని ఉండే ఉంటాయి. ‘అబార్షన్ చేయించుకునేవాళ్ళు హంతకురాళ్ళు’ అన్నది మనుషుల మీద తీర్పు. ‘ప్రాణం గర్భంలోనే మొదలవుతుందని నేను నమ్ముతాను, కాబట్టి దాన్ని తీయడం నాకు తప్పుగా కనిపిస్తుంది’ అన్నది మీ విశ్వాసం. కర్త ‘వాళ్ళు’ నుంచి ‘నేను’కు మారింది, బలం తగ్గలేదు. నెత్తుటి బొమ్మలు తెరమీద వెయ్యకండి. గర్భం పోయి నెలైనా తిరగని మనిషి ఆ బెంచీల మీద ఉండొచ్చు. ‘సరదాకు తీయించుకుంటారు’ అనకండి. ఇద్దరు పిల్లలున్నాక గర్భనిరోధకం విఫలమై వచ్చే వివాహితలు ఆస్పత్రుల్లో రోజూ కనబడతారు. ఆ కారణాన్ని చట్టమే గుర్తించింది. 2021 సవరణలో ‘వివాహిత, ఆమె భర్త’ అని ఉన్నచోట ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అని మార్చారు.

వైద్యం పేరుతో అబద్ధం చెప్పకండి. ‘ఒకసారి చేయించుకుంటే ఇక పిల్లలు పుట్టరు’ అని సభల్లో చెబుతుంటారు. అర్హత ఉన్న డాక్టరు, అనుమతి ఉన్న ఆస్పత్రిలో చేసినదానికి అది వర్తించదు. గర్భసంచిలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ట్యూబులు మూసుకుపోయే ప్రమాదం నాటుమందులు, అర్హత లేనివాళ్ళ దగ్గర ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ వస్తుందన్నదీ నిజం కాదు. ఇలాంటి భయాలు నాటితే అమ్మాయిలు ఆస్పత్రికి కాక అలాంటివాళ్ళ దగ్గరికే పోతారు. మీరు కోరేది అది కాదు కదా.

ఇంకో సూచన. మీ ప్రసంగంలో మగవాడు ఎన్నిసార్లు వచ్చాడో లెక్కపెట్టుకోండి. గర్భం ఆమెకు ఒంటరిగా రాలేదు. ఆమె ఒప్పుకోకపోయినా గర్భం తీయించడం న్యాయ సంహిత 89వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా శిక్ష పడే నేరమని చెప్పండి, ప్రాణం మీద గౌరవం ఉన్నవాళ్ళు తప్పక చెప్పాల్సిన మాట అది. కని, పెంచలేనివాళ్ళకు దారి కూడా చూపించండి. బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను చట్టబద్ధంగా అప్పగించవచ్చు, మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఇస్తారు. ఎవరినీ తిట్టకుండా ఇవన్నీ చెప్పి కూర్చున్నవాణ్ణి పురుషాహంకారి అనడం ఎవరికైనా కష్టం.

ప్రశ్న: గర్భస్రావం, గర్భవిచ్ఛిత్తి, భ్రూణహత్య. ఏది ఎప్పుడు రాయాలి?
– ఒక సబ్‌ఎడిటర్, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ఇది అడిగినందుకు సంతోషం. సగం అవమానం హెడ్డింగుల్లోనే జరుగుతోంది. దానంతట అది పోతే గర్భస్రావం. వైద్యంతో తీస్తే గర్భవిచ్ఛిత్తి. జనం నోట ‘అబార్షన్’ రెంటికీ ఉంది, కానీ క్రియతో తేడా చూపిస్తారు: ‘అబార్షన్ అయింది’ అంటే పోయిందని, ‘చేయించుకుంది’ అంటే తీయించుకుందని. ‘కడుపు పోయింది’, ‘కడుపు తీయించుకుంది’ కూడా అంతే. ఆ క్రియ తప్పితే బిడ్డను పోగొట్టుకుని ఏడుస్తున్న మనిషిని నేరస్థురాలిని చేసినట్టే.

‘భ్రూణహత్య’ను ఆడపిల్ల అని తెలుసుకుని తీయించిన సందర్భానికే ఉంచండి, అక్కడ కూడా ‘లింగ ఎంపిక గర్భవిచ్ఛిత్తి’ అంటే స్పష్టంగా ఉంటుంది. సూర్యారావుపేటలోనూ, గుంటూరు కొత్తపేటలోనూ ప్రతి స్కానింగ్ గది ముందూ లింగ నిర్ధారణ నేరమని బోర్డు ఉంటుంది. అది 1994 చట్టం. నేరం ఆడా మగా చెప్పడం, చెప్పించుకోవడం. ఆ బోర్డులూ, భ్రూణహత్యల ర్యాలీలూ చూసీచూసీ అబార్షన్ అంటేనే నేరమని జనం స్థిరపడిపోయారు. రెండు చట్టాలనూ ఒకే వార్తలో కలిపేస్తే ఆ అపోహను మీరే అచ్చువేసినట్టు.

‘పెళ్ళికాకుండానే’, ‘ప్రియుడితో’ లాంటివి వార్తకు అవసరమా అని ఒక్కసారి ఆగి చూడండి. స్త్రీల గురించిన మూస మాటలకు బదులు ఏం వాడాలో సుప్రీంకోర్టే 2023 ఆగస్టులో ఒక చేతిపుస్తకం విడుదల చేసింది. డెస్కు మీద ఉండదగ్గది. ఒక వక్తను ఇంకొకరు సభలో తిడితే, ఆ తిట్టును హెడ్డింగు చేయకండి. సభలో వందమంది విన్నదాన్ని జిల్లా అంతటికీ వినిపిస్తారు.

ప్రశ్న: అబార్షన్ కోసం ఆస్పత్రికి వెళ్తే, భర్త సంతకం లేనిదే చెయ్యం అన్నారు. పైగా ‘మొగుడికి తెలియకుండా వచ్చావా’ అని అందరిముందూ అడిగారు.
– మంగళగిరి

జవాబు: 18 నిండి, మానసిక ఆరోగ్యం బాగున్న స్త్రీకి ఆమె సంతకమే చాలు. ఆ కాగితం ఫారం సి. భర్త సంతకం చట్టం అడగలేదు. మైనరైతే సంరక్షకుల సంతకం కావాలి. ‘ఫారం సిలో నా సంతకం సరిపోతుంది, ఇంకెవరిదైనా కావాలంటే ఏ నిబంధన ప్రకారమో రాసివ్వండి’ అనండి. చాలాచోట్ల అక్కడితో ఆగుతుంది. ఆగకపోతే వారాలు గడిచిపోనివ్వకుండా వేరే అనుమతి ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి, ఫిర్యాదు తర్వాత జిల్లా వైద్యాధికారికి ఇవ్వవచ్చు.

ప్రశ్న: నేను నర్సింగ్ విద్యార్థిని. వార్డులో పెళ్ళికాని పేషెంటు వస్తే సీనియర్లు ‘చేసేటప్పుడు తెలియలేదా’ అంటారు, బయటికి వెళ్ళాక ఆ అమ్మాయి గురించే కబుర్లు. నేను చిన్నదాన్ని, ఏం చేయగలను?
– గుంటూరు

జవాబు: చిన్నదానివైనా చేయగలిగినవి ఉన్నాయమ్మా. ముందు చట్టం తెలుసుకో. గర్భవిచ్ఛిత్తి చేయించుకున్న స్త్రీ పేరు, వివరాలు డాక్టరు బయటపెడితే గర్భవిచ్ఛిత్తి చట్టం 5ఎ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రికార్డుల పద్ధతి కూడా అందుకు తగ్గట్టే పెట్టారు. పేరు అడ్మిషన్ రిజిస్టరులో ఒక్కచోటే ఉండాలి. కేస్‌షీటులో, ఆపరేషన్ థియేటర్ రిజిస్టరులో, ఫాలోఅప్ కార్డులో ఆ రిజిస్టరులోని వరస నంబరే వేయాలి. అంగీకార పత్రం, డాక్టరు అభిప్రాయం ఒక కవరులో పెట్టి, సీలువేసి, పైన ‘రహస్యం’ అని రాయాలి. రిజిస్టరును ఆఖరి నమోదు నుంచి అయిదేళ్ళు దాచాలి.

సీనియర్లకు నీతి చెప్పబోకు, పని జరగదు, నీకే ఇబ్బంది. ‘అక్కా, థియేటర్ రిజిస్టరులో పేరు రాశాం, నంబరే ఉండాలట కదా, మార్చనా?’ అని అడుగు. పద్ధతి గురించి అడిగితే ఎవరికీ కోపం రాదు, కబుర్లకు దొరికే పేరూ దొరకదు. పేషెంటు దగ్గర ఉండేది నువ్వే కాబట్టి తెర లాగి మాట్లాడు, ‘మీరు’ అను. ఆఖరి నెలసరి తేదీ, గతంలో కాన్పులు, ఆపరేషన్లు, వాడుతున్న మందులు, అలెర్జీలు నీకు కావాలి. ఎవరివల్ల, ఎందుకు అన్నవి నువ్వు అడిగేవి కావు. కారణం డాక్టరు ఫారంలో రాసుకుంటారు. ఎవరైనా ఆమె ముందే ఆ మాట అంటే, ‘బీపీ చూస్తున్నానక్కా, ఒక్క నిమిషం’ అని మధ్యలోకి వెళ్ళు. నిజంగా చూడు కూడా, ఆ మాట విన్నాక పెరిగే ఉంటుంది.

మైనరైతే పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల) చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పదు. కానీ ఆ పిల్లా, సంరక్షకులూ కోరితే పేరు, గుర్తింపు వివరాలు డాక్టరు చెప్పనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 తీర్పులోనే ఉంది. వార్డు గోడమీద మంచం నంబరు పక్కన పేషెంటు పేరు, ‘ఎంటీపీ’ (గర్భవిచ్ఛిత్తి) అని సుద్దముక్కతో రాసే అలవాటు మీ దగ్గరుంటే, ఇవాళ డ్యూటీకి వెళ్ళగానే హెడ్ నర్సుగారిని అడిగి అది తుడిపించు.